ఫిర్యాదు కోసం ఎదురుచూడని రక్షణ: సంరక్షణ గృహాల్లోని పిల్లలకు ముందస్తు స్క్రీనింగ్

ఇల్లు వదిలి వచ్చిన పిల్లలను, అయినవారు లేని పిల్లలను, పనిలో నుంచో పెళ్లి పీటల మీద నుంచో తప్పించి తెచ్చిన పిల్లలను బాలసదనంలోనో, స్వచ్ఛంద సంస్థ నడిపే హోములోనో చేర్చగానే వారికిక భయం లేదని చాలామంది అనుకుంటారు. నిజానికి పిల్లలను లైంగిక దోపిడీకి, వెట్టి పనికి, అక్రమ రవాణాకు వాడుకునేవారు వెతికేది సరిగ్గా ఇటువంటి పిల్లలనే. ఏమైందని అడిగే పెద్దదిక్కు లేనివారు, చెప్పినా ఎవరూ నమ్మరని ముందే తేల్చుకున్నవారు, కాస్త ఆదరంగా మాట్లాడిన మనిషి వెంట నడిచిపోయేవారు వారికి సులువుగా చిక్కుతారు. అందువల్ల ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన ప్రతి బిడ్డ విషయంలోనూ రెండు సంగతులు త్వరగా తేలాలి: ఆ బిడ్డ ఇప్పటికే దోపిడీకి గురైందా, ఇకముందు గురయ్యే ప్రమాదం ఎంత ఉంది. బిడ్డ ఫిర్యాదు చేసే వరకు ఆగకుండా, కనిపించే సంకేతాలను ఒక క్రమంలో గమనించి ఈ రెండింటినీ అంచనా వేయడమే ముందస్తు స్క్రీనింగ్.

ఫిర్యాదు కోసం ఎందుకు ఆగకూడదన్నది ముందుగా అర్థం చేసుకోవాలి. దోపిడీకి గురైన పిల్లల్లో చాలామంది తమంతట తాము ఆ మాట చెప్పరు. కొందరిని భయం ఆపుతుంది, కొందరిని సిగ్గు ఆపుతుంది. మరికొందరికి తమకు జరిగినది దోపిడీ అనే ఎరుకే ఉండదు. పని ఇప్పిస్తానని తీసుకెళ్లినవాడు వారి దృష్టిలో ఆదుకున్న అన్న, పెళ్లి చేసుకుంటానన్నవాడు ప్రేమించిన మనిషి. పోలీసులు, ఇటువంటి పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ కమిటీ సభ్యులు, వార్డెను వీరంతా ఆ అన్నను తన నుంచి దూరం చేయడానికి వచ్చినవారుగానే ఆ బిడ్డకు కనిపిస్తారు. ఇంగ్లండులోని రాథర్‌హామ్ పట్టణంలో 1997 నుంచి 2013 వరకు కనీసం 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక అంచనా వేసింది. వారిలో మూడో వంతుకు పైగా పిల్లలు నిర్లక్ష్యానికి గురైనవారుగానో, రక్షణ అవసరమైనవారుగానో అంతకుముందే ప్రభుత్వ సేవా విభాగాలకు తెలిసినవారే. అంటే ఆ పిల్లల పేర్లు ఫైళ్లలో ఉన్నాయి, సంకేతాలూ ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి చూడవలసిన పెద్దలు ఆ పిల్లలు తమ ఇష్టంతోనే తిరుగుతున్నారని అనుకున్నారు.

మన చట్టం ఈ విషయంలో వెనుకబడి లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం సంరక్షణ అవసరమైన బాలలు ఎవరో నిర్వచిస్తూ, దోపిడీకి గురైనవారిని మాత్రమే కాక గురయ్యే అవకాశం ఉన్నవారిని కూడా చేర్చింది. మాదకద్రవ్యాల్లోకో అక్రమ రవాణాలోకో లాగబడే ముప్పున్న బిడ్డ, పద్దెనిమిదేళ్లు నిండకుండానే పెళ్లి జరిగే ప్రమాదమున్న బిడ్డ కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. దొరికిన బిడ్డను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. బిడ్డ ఇంటి పరిస్థితులను తెలుసుకునే సామాజిక దర్యాప్తు 15 రోజుల్లో పూర్తికావాలి, మొదటిసారి హాజరుపరచిన నాలుగు నెలల్లోగా తుది ఉత్తర్వు రావాలి. జరిగిన నష్టంతో పాటు జరగబోయే నష్టాన్నీ లెక్కలోకి తీసుకోమని చట్టమే చెబుతున్నప్పుడు, ఆ నష్టాన్ని కనిపెట్టే పద్ధతి లేకుండా కమిటీలు నడవడం చట్టాన్ని సగమే అమలు చేయడమవుతుంది.

ఇక ఈ మాటలను ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు, కడప, అనంతపురం అనే మన మూడు పాత జిల్లాల నేల మీద పెట్టి చూద్దాం. కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు, వానలు మొహం చాటేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు సుగ్గికి, అంటే వలస కూలికి, వెళతాయి. వెంట వెళ్లే పిల్లల బడి పోతుంది. వెనుక ఉండిపోయే పిల్లలు అవ్వ దగ్గరో, సీజనల్ హాస్టల్లోనో, తాళం వేసిన ఇంటి పక్కన చుట్టాల దగ్గరో నెలల తరబడి గడుపుతారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో సీడు పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పత్తి పూలను చేతితో సంకరం చేయడం) పనికి ఆడపిల్లల వేళ్లు అనువుగా ఉంటాయనే పేరుతో బడి వయసు పిల్లలను పెట్టుకున్న చరిత్ర ఉంది. కడప వైపు రాయచోటి, రాజంపేట ప్రాంతాల్లో తల్లి ఇంటి పనికి కువైట్ వెళ్లగా తాత, అవ్వల దగ్గర పెరిగే పిల్లలు వీధికొకరు కనిపిస్తారు. అనంతపురం పాత జిల్లాలోని కదిరి ప్రాంతం నుంచి ఢిల్లీ, ముంబయి, పుణె నగరాల వ్యభిచార గృహాలకు ఆడపిల్లలను తరలించిన సంగతి దశాబ్దాలుగా అందరికీ తెలిసినదే. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో ఆడపిల్లను దేవుడి పేరున బసివినిగా వదిలే ఆచారాన్ని 1988 చట్టం నిషేధించినా, ఆ కుటుంబాల్లో పుట్టిన పిల్లల మీద ఊరి చూపు ఇంకా మారలేదు. రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లకు ముందే పెళ్లయిందని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వీటన్నిటికీ తోడు ముంబయి, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు దారులు కలిసే గుంతకల్లు జంక్షన్ ఇక్కడే ఉంది.

ఆ జంక్షన్‌లో రాత్రి పూట రైల్వే రక్షణ దళానికి ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి కనిపించిందని అనుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, విషయం విశదం కావడానికి ఊహించి చెబుతున్న ఉదాహరణ మాత్రమే. ఇంట్లో అమ్మతో గొడవపడి వచ్చానని, బెంగళూరులో పిన్ని ఉందని ఆమె చెబుతుంది. మామూలుగా జరిగేదేమిటంటే, పేరు, ఊరు, తండ్రి పేరు, కనిపించిన చోటు రాసుకుంటారు. కారణం దగ్గర ‘ఇంట్లో గొడవ’ అని రాస్తారు. మరునాడు కమిటీ ముందు హాజరుపరుస్తారు. తల్లిదండ్రులు వస్తే మందలించి అప్పగిస్తారు. కాగితాల మీద ఏ లోపమూ ఉండదు. అయితే ఆమె చేతిలో ఖరీదైన ఫోన్ ఉంది, అది కూలి చేసే తండ్రి కొనిచ్చినది కాదు. పిన్ని పేరు చెప్పగలదు గానీ ఆమె ఉండే వీధి పేరు చెప్పలేదు. టికెట్ ఆమె కొనలేదు. ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఒకే వాక్యాన్ని అవే మాటలతో అప్పజెబుతోంది. గడచిన ఆరు నెలల్లో ఇల్లు వదలడం ఇది రెండోసారి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా నేరానికి రుజువు కాదు, ఫోన్ మేనత్త ఇచ్చి ఉండవచ్చు, టికెట్ స్నేహితురాలు కొని ఉండవచ్చు. కానీ ఇన్నీ ఒకే బిడ్డ దగ్గర కనిపించినప్పుడు ‘ఇంట్లో గొడవ’ అనే రెండు మాటలతో ఫైలు మూయడానికి వీలులేదు. స్క్రీనింగ్ పత్రం చేసే పని ఇదే. విడివిడిగా మామూలుగా తోచే సంకేతాలను ఒకే కాగితం మీదికి తెచ్చి, వాటి బరువెంతో చూపుతుంది.

ఆ సంకేతాలను రాబట్టే తీరులోనే అసలు నైపుణ్యం ఉంది. ‘నిన్నెవరైనా ఏమైనా చేశారా?’ అని మొదటి గంటలో అడిగితే చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ఆ ‘లేదు’ ఫైలులోకి ఎక్కితే, తరువాత బిడ్డ నిజం చెప్పినా మాట మార్చినట్టుగా కనిపిస్తుంది. అందుకని మొదటి ప్రశ్నలు అన్నం, నిద్ర, బట్టల చుట్టూ తిరగాలి. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు, అక్కడ ఇంకెవరున్నారు, ఫోన్‌కు రీచార్జి ఎవరు వేయిస్తారు, నువ్వు ఎవరికైనా డబ్బు బాకీ ఉన్నావా, ఇప్పుడు నువ్వు ఇక్కడున్నావని తెలిస్తే ఎవరికి కోపం వస్తుంది? చివరి ప్రశ్నకు బిడ్డ సమాధానం చెప్పకుండా తలుపు వైపు చూసినా, ఆ చూపును కూడా రాసుకోవాలి. అడిగేవారు పోలీసు దుస్తుల్లో ఉండకూడదు, బల్లకు అవతల కూర్చోకూడదు, పక్కన బంధువులు ఉండకూడదు. ఆదోని వైపు నుంచి కన్నడమో ఉర్దూయో మాత్రమే సరిగా మాట్లాడగలిగే పిల్లలు వస్తారు, తండాల నుంచి లంబాడీ పిల్లలు వస్తారు. అటువంటప్పుడు హోములోని మరో బిడ్డనో, వెంట వచ్చిన చుట్టాన్నో దుబాసీగా వాడటం కంటే ఒక రోజు ఆగి సరైన మనిషిని పిలిపించడమే మేలు. మాట రాని, వినలేని, బుద్ధి మాంద్యమున్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వారిలో కనిపించే భయాన్ని, పక్క తడపడాన్ని, ఎవరినీ దగ్గరకు రానివ్వకపోవడాన్ని వైకల్యం లెక్కలో వేసి వదిలేయడం సులువు.

మగపిల్లల గురించి కూడా ఒక మాట చెప్పాలి. హోటల్లో, ఇటుక బట్టీలో, మేకల మంద వెంట దొరికిన అబ్బాయిని బాలకార్మికుడిగా నమోదు చేసి బడిలో వేయడంతో ఆగిపోతారు. రాత్రుళ్లు అతడు ఎవరి గదిలో పడుకున్నాడో అడిగేవారు అరుదు. లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడ, మగ తేడా చూడదు. స్క్రీనింగ్ కూడా చూడకూడదు.

స్క్రీనింగ్ అంటే ఆస్పత్రిలో చేసే దేహ పరీక్ష అనే అపోహ కొందరు సిబ్బందిలో ఉంది. హోముకు వచ్చిన బిడ్డకు ఆరోగ్య పరీక్ష అవసరమే, కానీ ‘చెడిపోయిందో లేదో’ తేల్చే పరీక్ష అంటూ ఏదీ లేదు. రెండు వేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని, అది చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. ముందస్తు స్క్రీనింగ్ పూర్తిగా మాటలతో, గమనింపుతో, పాత కాగితాల పరిశీలనతో జరిగే పని.

ఒకసారి చేసి ముగించే పని కూడా అది కాదు. మొదటి రోజు బిడ్డ అలసి, ఆకలిగా, అనుమానంగా ఉంటుంది. రెండు మూడు వారాలకు ఎవరో ఒకరితో, తరచుగా కౌన్సిలర్‌తో కంటే వంటమనిషితో, మాట కలుస్తుంది. అప్పుడు చెప్పే చిన్న చిన్న మాటలే విలువైనవి కనుక, వంటమనిషికి, రాత్రి కాపలా ఉండే ఆయాకు కూడా ఏ మాట వింటే ఎవరికి చెప్పాలో నేర్పాలి. ప్రతి బిడ్డకూ విడిగా రాసే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను సమీక్షించిన ప్రతిసారీ స్క్రీనింగ్ పత్రాన్ని మళ్లీ తెరవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, హోము నుంచి పారిపోయి తిరిగి వచ్చిన బిడ్డను తప్పకుండా మళ్లీ స్క్రీన్ చేయాలి. మన హోముల్లో పారిపోవడాన్ని క్రమశిక్షణ తప్పడంగా చూస్తారు. తిరిగి వచ్చిన బిడ్డకు తిట్లు, ఆటల నిషేధం, కొన్నిచోట్ల తాళం వేసిన గది ఎదురవుతాయి. అమెరికాలో 2014లో వచ్చిన ఫెడరల్ చట్టం దీన్ని మరోలా చూసింది. సంరక్షణలో ఉన్న బిడ్డ కనిపించకుండా పోతే 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలి, బిడ్డ తిరిగి వచ్చాక ఎందుకు వెళ్లిందో, బయట ఉన్నన్నాళ్లూ ఏం జరిగిందో కనుక్కోవాలి, లైంగిక అక్రమ రవాణాకు గురైందేమో పరిశీలించాలి. ఈ ఒక్క నియమాన్ని మన జిల్లాల్లో అమలు చేయడానికి కొత్త చట్టమూ, కొత్త బడ్జెట్టూ అక్కర్లేదు. బిడ్డ పారిపోవడానికి కారణం బయట ఎదురుచూస్తున్న మనిషి కావచ్చు, హోము లోపలి మనిషి కూడా కావచ్చు.

ఆ రెండో అవకాశం గురించి మాట్లాడటం కష్టమే గానీ తప్పదు. బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల గృహంలో 30 మందికి పైగా బాలికలపై జరిగిన అత్యాచారాలు 2018లో బయటపడ్డాయి. వాటిని బయటపెట్టినది టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం రాష్ట్రంలోని హోముల్లో చేసిన సోషల్ ఆడిట్. బయటి నుంచి వచ్చి, సిబ్బంది లేని చోట పిల్లలతో తీరిగ్గా మాట్లాడినవారికి ఆ పిల్లలు చెప్పగలిగారు. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. ఆ జిల్లా బాలల సంక్షేమ కమిటీ మాజీ అధ్యక్షుడు, బాలల సంరక్షణ అధికారి కూడా ఆ దోషుల్లో ఉన్నారు. బిడ్డ చెప్పుకోవలసిన చోటే నేరం కూర్చుని ఉంటే, ఎంత చక్కటి స్క్రీనింగ్ పత్రమైనా వట్టి కాగితమే. కాబట్టి బిడ్డను స్క్రీన్ చేసే ముందు హోమును స్క్రీన్ చేయాలి. పిల్లలతో పనిచేసే ప్రతి సంస్థ తన సిబ్బంది అందరికీ నిర్ణీత కాలానికొకసారి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని 2020 నాటి పోక్సో నియమాలు చెబుతున్నాయి. రోజు కూలికి వచ్చే స్వీపరు, ట్యూషన్ చెప్పే మాస్టారు, బియ్యం బస్తాలు తెచ్చే డ్రైవరు కూడా ఇందులోకి రావాలి. కమిటీ నెలకు కనీసం రెండుసార్లు హోములను చూడాలి. తనిఖీ బృందం మూడు నెలలకొకసారి, ఒక మహిళ, ఒక వైద్యాధికారి సహా కనీసం ముగ్గురితో వెళ్లాలి. ఈ తనిఖీల్లో మరుగుదొడ్లు, సరుకుల రిజిస్టరు చూసి సంతకం చేసి వచ్చేస్తే ముజఫర్‌పూర్‌లో కనిపించనిది ఇక్కడా కనిపించదు. కనీసం ఇద్దరు ముగ్గురు పిల్లలతో విడిగా కూర్చోవాలి, అదీ ప్రతిసారీ వేరే పిల్లలతో.

బిడ్డ ఇచ్చిన సంకేతాలను రాసుకున్నాక ఒక చిక్కు వస్తుంది. నేను చెప్పినది ఎవరికీ చెప్పనని మాటివ్వండి అని బిడ్డ అడుగుతుంది. ఆ మాట ఇవ్వడానికి వీలులేదు, ఎందుకంటే లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు పోలీసులకు తెలపడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. కనుక మాట్లాడటం మొదలుపెట్టే ముందే కౌన్సిలర్ ఈ హద్దును బిడ్డకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి: నువ్వు చెప్పేవి చాలావరకు మన మధ్యే ఉంటాయి, కానీ నీకు హాని జరిగిందని తెలిస్తే నేను కొందరికి చెప్పక తప్పదు, చెప్పే ముందు నీకు చెబుతాను. కొందరు పిల్లలు ఆ మాట విని మౌనం వహిస్తారు. వహించనివ్వాలి. మోసపోయి నోరు విప్పిన బిడ్డ మరోసారి ఎవరినీ నమ్మదు. ఇక చట్టపరంగా తెలపవలసినవారికి తప్ప ఆ పత్రం మరెవరి చేతికీ అందకూడదు. ‘ఆ కేసు అమ్మాయి’ అని హోములో ఒక్కసారి పేరు పడితే తోటి పిల్లలు దూరం జరుగుతారు, సిబ్బంది చూపు మారుతుంది, బడిలో చేర్చుకోవడానికి ప్రధానోపాధ్యాయులు వెనుకాడతారు. మచ్చ వేసే మాటలు వాడరాదన్నది బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోని మూల సూత్రాల్లో ఒకటి. బిడ్డ గుర్తింపును బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ కింద శిక్షార్హం.

ముప్పు ఎక్కువగా ఉందని తేలినప్పుడు చేయవలసిన పని సిద్ధంగా లేకపోతే స్క్రీనింగ్ బిడ్డకు మేలు చేయదు. జ్వరం ఎంతుందో చూసి మందివ్వకుండా పంపేసినట్టవుతుంది. కౌన్సెలింగు, అవసరమైతే మానసిక వైద్యుడు, కేసు నడిచినంత కాలం వెంట ఉండే సహాయకురాలు, చదువు కొనసాగే దారి, ఇవన్నీ ముందే కుదిరి ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి, ఆళ్లగడ్డ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. బిడ్డది ఒక జిల్లా, దొరికినది మరో జిల్లా, హోము ఇంకో జిల్లా అయినప్పుడు ఆమె చెప్పిన మాటలు ఆమెతో పాటే ప్రయాణించాలి. చోటు మారిన ప్రతిసారీ మొదటి నుంచి తన కథ చెప్పించడం ఆమెను మళ్లీ గాయపరచడమే.

చాలా తప్పులు జరిగేది అప్పగింత దగ్గర. బిడ్డను వీలైనంత త్వరగా సొంత కుటుంబానికి చేర్చాలన్నది మంచి సూత్రం, చట్టం కూడా సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగానే చూస్తుంది. రక్షణ పేరుతో ఆడపిల్లలను నెలలకు నెలలు నాలుగు గోడల మధ్య ఉంచడాన్ని నేను సమర్థించను. కానీ మేనమామనని వచ్చినవాడు నిజంగా మేనమామేనా? 2018లో తెలంగాణలోని యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి పోలీసులు చిన్న పిల్లలను విడిపించినప్పుడు, వారిని పెంచుతున్నవారు తమ సొంత పిల్లలేనని చెప్పుకున్న ఉదంతాలు బయటపడ్డాయి. ఆధార్ కార్డులో పేరు కలిసినంత మాత్రాన సరిపోదు. ఊరికి వెళ్లి ఇల్లు చూడాలి, బడి రిజిస్టరు చూడాలి, అంగన్‌వాడీ కార్యకర్తను, గ్రామ సచివాలయంలోని మహిళా ఉద్యోగిని విడివిడిగా అడగాలి. తల్లిదండ్రులు నిజమైనవారే అయినా, బిడ్డను పంపినది వారే అయితే? బ్రోకరు ఉండేది అదే వీధిలో అయితే? ఇంటికి పంపితే వారంలో పెళ్లి చేస్తారని బిడ్డ భయపడుతుంటే? అప్పగింతకు ముందు జరిగే స్క్రీనింగులో అడగవలసినవి ఇవి. సమాధానాలు సంతృప్తిగా ఉండి ఇంటికి పంపినా, పేదరికమే మూలకారణమైన కుటుంబానికి కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు ఆ రోజే పెట్టాలి. సుగ్గి మొదలయ్యే నెలలో ఆ ఇంటికి ఎవరైనా వెళ్లి రావాలి.

హోములోనే పెరిగి పద్దెనిమిదేళ్లు నిండి బయటికి వెళ్లేవారికి ఇంతకాలం ఉన్న ఆసరా ఒక్కసారిగా తొలగిపోతుంది. బ్యాంకు ఖాతా చూసుకోవడం రాదు, అద్దె గది ఇచ్చేవారు ఉండరు, పండక్కి వెళ్లే ఇల్లుండదు. ఉద్యోగం ఇప్పిస్తామని, పెళ్లి చేస్తామని వచ్చేవారు కాచుకుని ఉండేది ఈ సమయంలోనే. బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ కింద వారికి ఆర్థిక సాయం అందాలి, హోము వదిలాక ఇచ్చే అండ, అంటే అనుసంరక్షణ, 21 ఏళ్ల వరకు కొనసాగవచ్చు. కాబట్టి చివరి స్క్రీనింగు పదిహేడో ఏట జరగాలి. ఎక్కడ ఉంటుంది, ఎవరు పని ఇస్తున్నారు, ఆ పని ఇచ్చేవారిని ఎవరు వెళ్లి చూశారు, మొదటి ఏడాది నెలకొకసారి ఆమెకు ఎవరు ఫోన్ చేస్తారు అనే వివరాలు, చేసే మనిషి పేరుతో సహా, ఆమె గేటు దాటే ముందే ఆమె ఫైలులో రాసి ఉండాలి.